ఇత్తడి రేకూ, నాకు దక్కని తిట్లూ

మా మామగారికి హోసూరులో, బాగలూరు రోడ్డు మీద, కొయ్యపని షెడ్డు ఉంది. ఆ ఇంట్లో నాకంటే ముందు స్థానం సంపాదించుకున్నవి రెండు: ఒకటి బ్యాండ్ సా, రెండోది మా షడ్డకుడు. బ్యాండ్ సా అంటే, పళ్లున్న ఉక్కు పట్టీ రెండు చక్రాల మీద ఆగకుండా తిరుగుతూ చెక్కను కోసే మిషను. షడ్డకుడంటే నా భార్య చెల్లెలి మొగుడు. పైగా మామగారికి సొంత అక్క కొడుకు. ఆ షెడ్డులోనే రంపపు పొట్టులో పొర్లి పెరిగాడు. నేను కృష్ణగిరి నుంచి వచ్చిన పరాయి సంబంధం. కాలేజీలో కామర్సు చెబుతాను.

అందువల్ల నాకు గౌరవం. గౌరవమంటే ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక గ్లాసు కాఫీ. నేను షెడ్డులో అడుగుపెట్టగానే మామగారు మిషను ఆపేసి, కుర్చీని తన తువ్వాలుతో దులిపి, "రాండప్పా, కూర్చోండి. ఏమే, అల్లుడికి కాఫీ!" అంటారు. నేను కూర్చుని, ఆయన షడ్డకుణ్ణి తిట్టడం వింటాను.

"పొద్దున్నుంచి యాడ సచ్చినావు రా?"

వినడానికి బాధగానే ఉండేది. అతని గురించి కాదు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను ఒక్కసారీ 'రా' అనలేదు. ఒకసారి ఆయన కొత్త ఉలి కింద పడేసి మొన విరిచాను. "పోనీలేండప్పా, పాతదే" అన్నారు. అదే అతను పడేసి ఉంటే, ఎక్కడో దూరాన సామల్పట్టి స్టేషన్లో రైలు కోసం నిలబడ్డవాళ్లకు కూడా వినిపించేది.

ఒక ఆదివారం ఇత్తడి రేకు పని తగిలింది. పూలతోటల ఆసామి ఒకాయన తన పూజగది ద్వారబంధం మీద అతికించడానికి, మామిడాకుల వరసలాగా కోసిన రేకు కావాలన్నాడట. నేను వెళ్లేసరికి షడ్డకుడు పలచని రేకును ఒంటిగా బల్ల మీద పెట్టి మిషనులోకి తోస్తున్నాడు. చెక్క కోసే పళ్లు పెద్దవి. రేకు వాటి సందున ఇరుక్కుని, దడదడ కొట్టుకుని, కాల్చిన అప్పడంలా ముడుచుకుపోయింది.

నాకు విచారం కలిగింది. ఎంతోసేపు నిలవలేదు.

"ఎద్దు మాదిరి పెరిగినావు!" అని మామగారు లంకించుకున్నారు. "పైనొక ప్లైవుడ్డు, కిందొక ప్లైవుడ్డు ఎయ్యకుండా రేకు కొయ్యొద్దని చెప్పినానా లేదా రా?"

"చెప్పినావు మామా. తొందర్లో మర్చిపోయినాను."

"అన్నం తినేది మర్చిపోయినావా ఎప్పుడన్నా?"

తిడుతూనే అతని చెయ్యి లాక్కుని, ఎక్కడైనా తెగిందేమోనని ఒక్కో వేలూ తిప్పి చూశారు. నా కాఫీ చల్లారిపోయింది.

ఈసారి కొత్త రేకును రెండు ప్లైవుడ్డు ముక్కల మధ్య పెట్టి, అంచుల్లో మరలు బిగించి, పై ముక్క మీద ఆకులు గీశారు. ఇక పళ్లకు తగిలేది చెక్క. మధ్యలో ఉన్న రేకు ఎగరడానికి చోటు లేక బుద్ధిగా తెగుతుంది. రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. నేను కుర్చీలోంచి లేచాను.

"మీకెందుకప్పా? చొక్కా మాసిపోతుంది."

"పాత చొక్కాయే మామా" అన్నాను. కాదు.

"పట్టుకోనీ మామా. అన్న కూర్చుని కూర్చుని అలిసిపోయినాడు" అన్నాడు షడ్డకుడు. అతని సిఫారసు నాకు నచ్చలేదు. అయినా పట్టుకున్నాను.

మామగారు పక్కన నిలబడి చూస్తుంటే, ఒక కొస అతనూ, రెండో కొస నేనూ పట్టుకుని నెమ్మదిగా తోశాం. పసుపులాగా ఇత్తడి పొడి రాలుతోంది. షడ్డకుడి పట్టుకంటే నా పట్టే నిదానంగా ఉందని లోలోపల మురిసిపోతూ, నా బొటనవేలు గీత మీదికి జరగడం చూసుకోలేదు.

"చెయ్యి తియ్ రా, తిక్కలోడా!"

మిషను ఆగింది. మామగారు నా మణికట్టు గట్టిగా పట్టుకుని ఉన్నారు. తర్వాత ఆయనకు ఆ చెయ్యి ఎవరిదో తెలిసింది. చటుక్కున వదిలేశారు.

"తప్పయిపోయిందప్పా. నోరు జారినాను."

"లేదు మామా, ఇంకో రెండు తిట్టాల్సింది" అన్నాను. అందరూ నవ్వారు. నాతో వచ్చిన చిక్కే అది; నిజం చెప్పినా జోకే అనుకుంటారు.

సంగతి తెలిసి అత్తగారు హడావిడిగా పాయసం చేసి తెచ్చారు, నాకు మాత్రమే. షడ్డకుడు ఆ గిన్నె వైపే చూస్తున్నాడు.

"నీదే అదృష్టమన్నా. నాకు రోజూ తిట్లే, ఒక్కనాడన్నా పాయసం లేదు."

"మార్చుకుందామా?" అన్నాను. అతనూ నవ్వాడు.

పై ఆదివారం నిజంగానే పాత చొక్కా వేసుకుని వెళ్లాను. నన్ను చూడగానే మామగారు మిషను ఆపేసి, కుర్చీ దులిపారు. ఈసారి రెండుసార్లు.