గెనుసుగడ్డల పండుగ

ఆ రోజు స్టేజీ మీద నా చేతుల్లో పెట్టిన అట్టపెట్టెలో మూడు స్వీట్‌కార్న్ డబ్బాలు, రెండు రాజ్మా డబ్బాలు, ఒక చేప డబ్బా, ఒక పాస్తా పొట్లం ఉన్నాయి. హాల్లో పిల్లలంతా చప్పట్లు కొడుతున్నారు. నా పక్కన వరసగా నిలబడిన పదిమంది ఆయాలూ నవ్వుతున్నారు. నేనూ నవ్వాలని చూశాను, రాలేదు.

కువైట్‌లో ఇంగ్లండు చర్చి సంప్రదాయం ప్రకారం నడిచే ప్రైమరీ బడి అది. నేనక్కడ రెండో తరగతి పిల్లలకు ‘నానీ’ని. బూట్ల తాళ్ళు కట్టడం, టిఫిన్ డబ్బాల మూతలు తీసివ్వడం, కక్కుకుంటే తుడవడం, పడితే లేవదీసి ఊదడం నా పని. అంతకు ముందు నాలుగేళ్ళు మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో చేశాను. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, మంచి మనిషి. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక నా ఇఖామా, అదే అక్కడ ఉండే అనుమతి కాగితం, బడి పేరు మీదికి మార్చుకుంటానంటే అడ్డు చెప్పలేదు. అట్లా బడికి వచ్చిపడ్డాను.

మాది అన్నమయ్య జిల్లా. శనివారం తలంటుకుని వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టే ఇల్లు. చర్చి బడి అనగానే మొదట్లో కాస్త బెదిరాను. కానీ నా దేవుడి గురించి అక్కడ ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. పొద్దున్నే హాల్లో ప్రార్థన జరిగేది. హెడ్ టీచరు ఏసు చెప్పిన కథ ఒకటి చెప్పేది. ముస్లిం పిల్లలు, హిందూ పిల్లలు, కిరస్తానీ పిల్లలు అందరూ బాసింపట్టు వేసుకుని వినేవారు. తలుపు దగ్గర మాప్ కర్ర పట్టుకుని నేనూ వినేదాన్ని. నెలకొక మాట పెద్ద అక్షరాలతో వరండా గోడకెక్కేది, పాతవి తీసేవారు కాదు. నిజం, ఓర్పు, క్షమ, సేవ. అక్టోబరులో ఎక్కిన మాట కృతజ్ఞత.

అక్టోబరులోనే వాళ్ళ పంట పండుగ. ఇంగ్లండులో కోతలు అయిపోయాక, పండినదాంట్లో కొంత తెచ్చి చర్చిలో పెట్టి, లేనివాళ్ళకు పంచుతారట. కువైట్‌లో పిల్లలు డబ్బాలూ పొట్లాలూ తెచ్చి స్టేజీ మీద పేర్చారు. పాట పాడారు. ఆ తర్వాత హెడ్ టీచరు మైకులో, “మనకోసం కష్టపడే మన నానీలకు ఇవి మన కానుక” అని మమ్మల్ని పైకి పిలిచింది.

ఆమె మనసులో చెడు లేదు. అది నాకు అప్పుడే తెలుసు. అయినా ముఖం కాలినట్టయింది. మా నాయన ఎకరం నేలలో గెనుసుగడ్డలు వేసేవాడు. మీరు చిలగడదుంపలంటారే, అవే. గడ్డలు తవ్వే రోజు దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ ఒళ్ళో పోసి పంపేవాడు. “చేన్లో నుంచి వట్టిచేతుల్తో పోతే భూమికి కోపమొస్తాదమ్మా” అనేవాడు. ఆయన కూతురు రెండొందల మంది ఎదుట లేనివాళ్ళ వరసలో నిలబడింది.

మేముండే అబ్బాసియాకు పోయే బస్సులో నా పక్కన కూర్చున్న ఆయా పెట్టె విప్పి చూసుకుంటూ, “ఇచ్చినారు, తీసుకుంటిమి. దాంట్లో ఏముండాది? మొగం అట్ట పెట్టినావేమి?” అంది. నిజమే, ఏముంది? చేప డబ్బా మూడు రోజుల కూరకు పనికొచ్చింది. సిగ్గుపడ్డందుకు నా మీద నాకే మళ్ళీ సిగ్గేసింది.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం అన్నం వేళకు, మా తరగతిలో ఒక ఏడేళ్ళ పిల్ల నా పక్కకు వచ్చి నిలబడింది. ఎగైలా అనే పేట నుంచి వచ్చేది. రెండు జడలు, ముందు పళ్ళు లేవు. ఏదైనా సరే తేల్చుకోకుండా వదిలే రకం కాదు. నా డబ్బాలో ఉడకబెట్టిన గెనుసుగడ్డ ముక్కలున్నాయి.

“నానీ, ఇది ఏ చెట్టుకు కాస్తుంది?”

“చెట్టుకు కాయదు. మట్టి లోపల ఊరుతుంది.”

“దీని గింజ ఎలా ఉంటుంది?”

“గింజ ఉండదు. తీగ తుంచి మట్టిలో గుచ్చితే అదే బతుకుతుంది.”

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. మొక్కలన్నీ గింజల నుంచే వస్తాయని పోయిన వారమే వాళ్ళ టీచరు చెప్పింది. “నానీ, అబద్ధం చెప్పకూడదు. గోడ మీద రాశారు కదా” అంది, చాలా బాధగా.

క్షణంలో తరగతంతా రెండు పక్షాలైంది. నానీ నిజం చెప్పిందని కొందరు, చెప్పలేదని కొందరు. ఆ గోలకు వరండాలో పోతున్న హెడ్ టీచరు లోపలికి వచ్చింది. పిల్లలు ఫిర్యాదు చెప్పారు. ఆమె విని, “నానీ చెప్పింది నిజమే. కానీ నేను కూడా ఎప్పుడూ కళ్ళతో చూడలేదు” అంది.

నేను బయటికి వస్తుంటే వరండాలో ఆపింది. “ఆ రోజు స్టేజీ మీద నీ ముఖం చూశాను. నా వల్ల ఏదైనా తప్పు జరిగిందా?” అని అడిగింది.

ఏమీ లేదు మిస్ అనేసి పోవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా గోడ మీద నిజం అనే ఆ మాట ఉంది. ఏడేళ్ళ పిల్ల ఇప్పుడే గుర్తు చేసింది. నాకు వచ్చిన ఇంగ్లీషులోనే చెప్పాను. తెలుగులో అయితే ఇట్లా ఉంటుంది: “మిస్, తీసుకునేది మాకు కష్టం కాదు. కానీ మీరు మమ్మల్ని తీసుకునేవాళ్ళనే అనుకుంటాండారు. ఇచ్చేది మాకూ వచ్చు. మేము సేద్యగాళ్ళ బిడ్డలం. ఈ బడిలో పంట కోసినోళ్ళం మేమే.”

ఆమె తన గదికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ పూటంతా ఒకటే ఆలోచన. నా వీసాకు పూచీ ఉన్న కఫీల్‌కు చెప్పి పనిలో నుంచి తీసేయిస్తుందేమో, ఎందుకొచ్చిన నోరు నాకు అనుకున్నాను.

మర్నాడు పొద్దున ప్రార్థనకు ముందు, బొమ్మల గదిలో నేను బల్లలు తుడుస్తుంటే ఆమె వచ్చి తలుపు దగ్గర నిలబడింది. “నేను నిన్ను క్షమాపణ అడగడానికి వచ్చాను. ముప్ఫై ఏళ్ళుగా ఆ పండుగ చేయిస్తున్నాను. పంట గురించి తెలిసిన మనిషిని ఒక్కసారీ అడగలేదు” అంది. అంత పెద్ద మనిషి ఆ మాట అంటుంటే తడిగుడ్డ బల్ల మీద పెట్టి కొంగు సర్దుకున్నాను. పిల్లలకు క్షమ గురించి కథలు చెప్పడం ఒక ఎత్తు. తానే వచ్చి ఆయా ముందు నిలబడి అడగడం ఇంకో ఎత్తు. ఆ రోజు నుంచి ఆమె చెప్పే కథలు నేను ఇంకొంచెం దగ్గరగా నిలబడి విన్నాను.

“నీకు ఏం కావాలి?” అని అడిగింది.

“మట్టి ఇప్పించండి మిస్” అన్నాను.

చలి తగ్గేదాకా ఆగాం. ఫిబ్రవరిలో అబ్బాసియా కూరగాయల కొట్లో మంచి ఎర్ర గడ్డలు ఏరి, సగం నీళ్ళలో మునిగేటట్టు గాజు సీసాల మీద నిలబెట్టి తరగతి కిటికీలో ఉంచాను. పిల్లలు రోజూ వచ్చి చూసేవారు. రెండు వారాలకు ఊదారంగు మొలకలు వచ్చాయి. చిన్నపిల్లలు నీళ్ళాట ఆడే పాత ప్లాస్టిక్ తొట్లు ఆరు స్టోరు గదిలో పడి ఉన్నాయి. వాటికి బెజ్జాలు పెట్టించాను. హెడ్ టీచరు మట్టి సంచులు తెప్పించింది.

గేటు దగ్గర కాపలా ఉండే జగిత్యాల అన్న ఆ సంచులు మోసి తెచ్చి, తొట్లను చూసి తల ఊపాడు. “ఏం పిచ్చి చెల్లె నీకు? ఎండకాలమొస్తే గీడ ఇనుము గూడ కరుగుతది. గడ్డలు ఊరుతయా?”

“ఊరుతాయన్నా. ఎండ అంటే దానికి ఇష్టం.”

“ఊరితే నాకు గూడ ఒకటియ్యి. ఊరకుంటే నీ మీద నవ్వుత, సూడు మరి” అని నవ్వుతూనే పోయాడు. కానీ మధ్యాహ్నం ఎండ తగలకుండా తొట్లను గోడ నీడలోకి జరిపింది ఆయనే. నేను అడగలేదు.

మొలకలు తీగలుగా సాగాక తుంచి నాటాను. ఇంటికి పోయే ముందు పిల్లలు తమ సీసాల్లో మిగిలిన నీళ్ళన్నీ తొట్లలో పోసేవారు. మొదటి వారం తీగలు వాలిపోయి చచ్చినట్టు పడి ఉంటే, జడల పిల్ల రోజూ నా కళ్ళలోకి చూసేది. ఎనిమిదో రోజు ఒక తీగ తల ఎత్తింది. ఆ తర్వాత అన్నీ ఎత్తాయి. ఏప్రిల్‌లో ఒక రోజు ఎర్రటి దుమ్ము గాలి లేచి ఆకులన్నీ మట్టికొట్టుకుపోయాయి. పదకొండుమంది ఆయాలం గుడ్డలు తడుపుకుని ఆకు ఆకూ తుడిచాం. బస్సులో నన్ను మందలించిన ఆయా అందరికంటే ముందు వచ్చి కూర్చుంది.

మే నెల మొదట్లో ఒక పొద్దున మూడో తొట్టిలో ఒక మొక్క పీకేసి కనబడింది. ఎవరు చేశారో తెలియదు. టీచరు అడిగితే ఎవరూ పలకలేదు. అన్నం వేళకు జడల పిల్ల నా కొంగు పట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళు.

“నానీ, నేనే పీకాను. కింద ఉందో లేదో చూద్దామని. నాకు ఓర్పు లేదు.”

“ఉందా మరి?”

“తెలీదు. భయమేసి పరిగెత్తాను.”

ఇద్దరం పోయి చూశాం. వాడిన ఆ మొక్క వేళ్ళను నీళ్ళతో కడిగాను. తెల్లటి వేళ్ళ మధ్య రెండు మాత్రం నా చిటికెనవేలంత లావున, గులాబీ రంగులో ఉబ్బి ఉన్నాయి. పిల్ల వాటిని ముట్టుకుని నోరు తెరిచింది. “నువ్వు అబద్ధం చెప్పలేదు!” అని అరిచి, ఆ మొక్క పట్టుకుని తరగతిలోకి ఉరికింది. తాను చేసిన తప్పు తానే అందరికీ చెప్పి, ఆ వేళ్ళు అందరికీ చూపించింది. పోయిన మొక్క పోయింది గానీ, ఆ తర్వాత ఎవరూ ఇంకో మొక్క ముట్టుకోలేదు.

జూన్ వచ్చింది. బడి మూసే రోజులు దగ్గర పడ్డాయి. తొట్లలో మట్టి అక్కడక్కడా పగుళ్ళు ఇచ్చింది. ఒక గడ్డను వేలితో తవ్వి కోసి చూశాను. కారిన పాలు నల్లబడకుండా తెల్లగా ఆరాయి, అంటే గడ్డ తయారైనట్టే. హెడ్ టీచరు దగ్గరికి పోయి, “మిస్, పంట వచ్చేసింది. అక్టోబరు దాకా ఆగదు” అన్నాను.

ఆమె ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. “అయితే పండుగ ఈ గురువారమే. పంట వచ్చినప్పుడే కదా పంట పండుగ!” అంది.

గురువారం పొద్దున హాల్లో రెండొందల మంది. జగిత్యాల అన్న, ఇంకో ఇద్దరు కలిసి ఐదు తొట్లు స్టేజీ ఎక్కించారు. ఆరోది ముగ్గురు మనుషుల బలానికీ లొంగక కిందే ఉండిపోయింది. ప్రార్థన అయింది. మట్టికీ, ఎండకూ, నీళ్ళకూ, చేతులకూ కృతజ్ఞతలు చెప్పారు. హెడ్ టీచరు మైకు నా చేతికిచ్చి కిందికి దిగి, పిల్లల మధ్య నేల మీద కూర్చుంది.

నా ఇంగ్లీషు ఎంతో నాకు తెలుసు. “ఇది మా నాయన పంట. ఇప్పుడు మీ పంట” అని మాత్రం అన్నాను. మైకు కింద పెట్టి, తీగ మొదలు రెండు చేతులా పట్టుకుని, మట్టి వదులు చేసి లాగాను. మొదట రాలేదు. రెండోసారి లాగితే పెళ్ళ పెళ్ళలుగా మట్టి రాలుతూ ఒక్క మొదలుకు ఐదు గడ్డలు, పెద్దది నా అరచేతికంటే లావు, గాలిలోకి లేచాయి.

ఆ కేక నేను బతికున్నంత కాలం మరవను. పిల్లలు నేల మీద నుంచి ఎగిరి లేచారు. టీచర్లు లేచారు. “యల్లా నానీ, యల్లా!” అని, కానీ కానీ అన్నట్టు అరుస్తున్నారు. ఇంకో మొదలు, ఇంకో మొదలు. నా తోటి ఆయాలు చీపుర్లు పక్కన పడేసి స్టేజీ ఎక్కి తొట్టికి ఇద్దరు చొప్పున పట్టారు. వాళ్ళ చేతులు చూస్తే తెలిసింది, ఎవరూ ఏదీ మరిచిపోలేదు. జడల పిల్ల స్టేజీ అంచు పట్టుకుని ఎగురుతూ, వచ్చిన ప్రతి గడ్డకూ, “ఇది గింజ నుంచి రాలేదు!” అని చాటింపు వేసింది.

బడి వంటగదిలో గడ్డలన్నీ ఉడకబెట్టాం. మేం పదకొండుమందిమీ ఒక వరసలో నిలబడి ప్రతి పిల్లకూ, ప్రతి టీచరుకూ ఒక్కొక్క ముక్క చేతిలో పెట్టాం. వరసలో అందరికంటే చివర హెడ్ టీచరు వచ్చింది. రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి వేసి నా ముందు చాపింది. ఆ చేతుల్లో ముక్క పెట్టాను. ఈసారి నవ్వు దానంతట అదే వచ్చింది.

సాయంత్రం గేటు దగ్గర పిల్లలు తడి కాగితంలో చుట్టిన తీగ ముక్కలు పట్టుకుని తల్లిదండ్రుల కోసం నిలబడ్డారు. పాదాల దాకా తెల్లటి దిష్దాషా వేసుకున్న ఒక తండ్రి తన కొడుకు చేతిలోని తీగను తిప్పి తిప్పి చూసి, ఇది నాటేది ఎట్లాగని జగిత్యాల అన్నను అడిగాడు. అన్న నోట్లో గడ్డ ముక్క ఇంకా ఉంది. అది మింగి, ఛాతీ విరుచుకుని నావైపు చెయ్యి చూపించి, వచ్చీరాని అరబ్బీలో చెప్పాడు. మన మాటల్లో అయితే: “గామెను అడుగుర్రి సాబ్. మా చెల్లె. ఈ బడికి సేద్యం నేర్పే టీచరు.”

నేను కొంగుకు చేతులు తుడుచుకుని ముందుకు వెళ్ళాను. తీగ ఎంత లోతుకు గుచ్చాలో ఆయనకు వేలితో కొలిచి చూపించాను.