ఇల్లు పోదని చెప్పాను

ఇది నా డైరీలో కూడా రాయలేదు. రోజూ రాస్తాను, వాన పడితే రాస్తాను, చదివిన నవల నచ్చకపోతే రాస్తాను. ఈ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి ఏళ్లుగా పెన్ను పక్కన పెట్టేస్తున్నాను. ఇక మోయలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నిజామాబాద్‌లో ఇళ్లు, పొలాలు తాకట్టు పెట్టుకుని అప్పులిచ్చే కంపెనీలో నా మొదటి ఉద్యోగం, ఇప్పటికీ అక్కడే. వేలిముద్ర వేసేవాళ్లకు ముందు కాగితాలన్నీ తెలుగులో చదివి వినిపించాలి. ఆ పనికి మా మేనేజరు సారు నన్నే ఎంచుకున్నాడు. నలుగురిలో నోరు విప్పని నన్ను.

"నీ గొంతు మెత్తగ ఉంటది. ముసలోళ్లు జల్ది నమ్ముతరు," అన్నాడు. మెచ్చుకున్నాడనుకున్నాను.

ఎడపల్లి నుంచి ఒక అవ్వ వచ్చింది. చెరకు మానేసి వరి వేద్దామని, బోరు కోసం పొలం తాకట్టు పెడుతోంది. చదువుతూ పోయాను. పొలంతో పాటు ఇల్లు కూడా తాకట్టులోకి వస్తుందన్న పేజీ వచ్చింది. వెనక కుర్చీలో సారు గొంతు సవరించుకున్నాడు. అంతే. పేజీ తిప్పేశాను.

అవ్వ ఏదో పసిగట్టింది.

"బిడ్డా, పొలం అంటే పొలమే గద? నా ఇల్లు పోదు గద?"

"పోదు అవ్వా."

"గట్లయితే పట్టు," అని బొటనవేలు చాపింది. "సిరా చీరెకు అంటిందంటే నీతోనే ఉతికిస్త సూడు."

ఆ వేలు పట్టుకుని ఒత్తించింది నేనే.

భయంతోనే అన్నానా? ఉద్యోగం పోతుందనా? నవలలో ఒక్క పేజీ కూడా దాటేయలేనిదాన్ని, ఆ పేజీ ఎలా దాటేశాను? నిజం చెప్పనా? వెనక సారు తృప్తిగా తల ఊపి ఉంటాడనుకున్నప్పుడు, ఎక్కడో లోపల, నాకు సంతోషం వేసింది. నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే.

బోరులో నీళ్లు పడలేదు. పొలం పోయింది. సారు మాత్రం ఎదిగాడు. కంపెనీ ఆయనదే అయింది. ఈ ఏడు ఒక కబడ్డీ జట్టును కొన్నాడు. ఆఫీసులో అందరికీ జెర్సీలు పంచారు, నేనూ తీసుకున్నాను. ఎదుటి జట్టులో ముందు తడబడేది ఎవరో కనిపెట్టాలని ఆయన ఆటగాళ్లకు చెబుతుంటే విన్నాను. నన్ను మొదటిసారి చూసినప్పుడూ ఆయన వెతికింది అదే.

జట్టు సాధనకు బోధన్ రోడ్డు మీద, ఎడపల్లిలో మైదానం కావాలట. అవ్వ ఇల్లు ఆ స్థలంలోనే ఉంది. నేను దాటేసిన పేజీ ప్రకారం అదీ కంపెనీదే. రేపు పొద్దున జేసీబీ వస్తుంది.

ఇదంతా రాస్తుంటే కాస్త ఊపిరి ఆడుతోంది. అది నాకు. ఆమెకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

చెప్పేద్దామనే ఈ సాయంత్రం ఎడపల్లి వెళ్లాను. పక్క ఇళ్లు ఖాళీ అయిపోయాయి. మైదానం కొలతకు గీసిన సున్నపు గీత అవ్వ వాకిట్లోంచి గడప దాకా వచ్చి ఆగింది. ఎవరో తన ముగ్గు పాడుచేసినట్టు, ఆమె చీపురుతో ఆ గీతను ఊడ్చేస్తోంది.

"అవ్వా, ఆ రోజు నేను..." అన్నాను. మాట మార్చేశాను, అదే మెత్తని గొంతుతో. సామాన్లు ఇంకా సర్దుకోలేదేమని మాత్రం అడిగాను.

ఆమె నడుం నిటారుగా చేసి, నన్ను చూసి నవ్వింది.

"ఎందుకు సదురుకుంట? వాళ్లు గోడకు నోటీసు కాయిదాలు ఎన్నన్న అంటిచ్చుకోనియ్. ఇల్లు పోదని నువ్వే చెప్పినవ్ గద బిడ్డా."