వైవా కార్డులో రాజు

కరోనా సద్దుమణిగాక, నా రిటైర్‌మెంటు కనుచూపు మేరలో ఉన్న ఒక వేసవిలో నన్ను కళింగపట్నానికి డిప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను హైస్కూల్లో ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటును. పని, ఆడవాళ్లకు ఇంగ్లీషు మాట్లాడడం నేర్పే కోర్సు. చివర వైవా, అంటే నోటి పరీక్ష. అది గట్టెక్కితేనే సర్టిఫికెట్టు. బీచ్ రోడ్డులో తెరవబోయే హోటల్లో రిసెప్షన్ ఉద్యోగానికి ఆ సర్టిఫికెట్టు కావాలన్నారు. ఆ ఉద్యోగం మీద గట్టిగా కన్నేసింది గౌరి, సముద్రం మీద వేటకు వెళ్లే కుటుంబంలోని కోడలు.

నా ఆయుధం సబ్‌స్టిట్యూషన్ డ్రిల్. పేరున్న వాక్యం నేను చెబుతాను. పేరు తీసి హి, షి, దే పెట్టి వాళ్లు తిప్పి చెప్పాలి. కర్త ఒక్కరైతే క్రియ చివర ఎస్ తగిలించాలి, ఎక్కువమందైతే తీసేయాలి. ఇంగ్లీషు పాఠాల్లో ఆనవాయితీగా కనిపించే రాజునే నేనూ పెట్టాను. మిగతావాళ్లు తడబడుతుంటే గౌరి మాత్రం నేను అడక్కముందే రాజును హి చేసేసేది. నా బోధన మీద నాకే ముచ్చటేసింది. ఆ ముచ్చట ఎన్నాళ్లో నిలవలేదు. "దాని మొగుడి పేరు రాజు మాస్టారూ. ఏటకెల్లే మొగుడి పేరు పెళ్లాం అనకూడదు, ఆయుస్సు తగ్గిపోతాది" అని ఆమె పక్కన కూర్చునే లక్ష్మి చెప్పింది. అప్పటికే వైవాలో చదవాల్సిన రాజు వాక్యాలతో నేను రాసిన పరీక్ష కార్డులు సీలు వేసి విజయనగరంలోని పరీక్షల ఆఫీసుకు పంపేశాం.

వైవాకు ఎక్స్‌టర్నల్, అంటే బయటి పరీక్షకుడిగా అమరేంద్రనాథ్ గారు వచ్చారు. చండశాసనుడు. ఇంటర్నల్‌గా నేను పక్కన కూర్చోవచ్చు గాని నోరు విప్పకూడదు. గౌరి కార్డులో మొదటి వాక్యం "రాజు గోస్ టు ది బీచ్". ఆమె "హి గోస్ టు ది బీచ్" అని చదివింది. ఉన్నది ఉన్నట్టు చదవమన్నారాయన. మళ్లీ హి. ఈ హి ఎవరమ్మా అని అడిగారు.

"మా ఇంటాయన సార్" అంది.

కార్డులో రాజుకు ఈమె ఎప్పుడు భార్య అయిందో ఆయనకు అంతుపట్టలేదు. పేరు చదివితే పాస్, లేకపోతే లేదని చెప్పి పెన్ను మూత తీశారు.

గౌరి లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. బయట బండి మీద కూర్చున్న మొగుణ్ని పిలిచి, "ఇదిగో, నీ పేరేటో సారుకి సెప్పు" అంది. అతను కంగారుగా దిగి, "రాజండి. ఏటైనాది?" అన్నాడు.

ఆమె తిరిగొచ్చి కూర్చుని, ఒక్కొక్కరినీ చూపిస్తూ తాపీగా అంది: "హి ఈజ్ టెల్లింగ్. యు ఆర్ హియరింగ్. ఐ యామ్ పాసింగ్."

ఏ కర్తకు ఆ క్రియ, ఒక్కటీ తప్పు లేదు. అమరేంద్రనాథ్ గారు కార్డు పక్కన పెట్టి, పాస్ అని రాశారు. నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. గౌరి ఇప్పుడు ఆ రిసెప్షన్లోనే పనిచేస్తోంది.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒకటే. పరీక్ష కార్డు రాసేవాడు వ్యాకరణం కంటే ముందు క్లాసులో ఎవరి మొగుడి పేరేమిటో కనుక్కోవాలి. తర్వాతి బ్యాచ్ నుంచి నా కార్డుల్లో బీచ్‌కి వెళ్లేదీ, చేపలు పట్టేదీ అమరేంద్రనాథ్ అయ్యాడు. ఆ పేరున్న మొగుడు మా క్లాసులో ఎవరికీ లేడు. ఆ బ్యాచ్‌కీ ఎక్స్‌టర్నల్‌గా ఆయనే వచ్చారు. అందరూ ఆయన పేరు గట్టిగా చదివారు, ఒక్కరూ తడుముకోలేదు.