తలుపు అడుగున మూసిన కన్నాలు

తొమ్మిదేళ్లుగా ఒక పనిని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు అనను. ఒక్క మనిషికి చెప్పాను, ఆ మనిషి మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఇప్పుడు మీకు చెప్తున్నాను. మీరెవరో నాకు తెలీదు. నా పేరు మీకు అక్కర్లేదు. బందర్లో పాత కార్ల అద్దాలకి రబ్బర్లు మార్చేవాణ్ణి, అంతవరకు తెలిస్తే చాలు.

ఆ పని గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. పాత కారు అద్దాల చుట్టూ రబ్బరు ఉంటుంది. ఎండకి అది గట్టిపడి, పగిలి, వాన నీళ్లని లోపలికి వదిలేస్తుంది. అప్పుడు పాతది కోసి తీసేసి, కొత్త రబ్బరు అద్దానికి తొడిగి, దాని గాడిలో సన్నటి తాడు చుట్టి, సబ్బునీళ్లు రాసి, బయట నుంచి ఒకరు అద్దం నొక్కుతుంటే లోపల నుంచి ఒకరు ఆ తాడు లాగాలి. తాడు వస్తున్నకొద్దీ రబ్బరు అంచు రేకు మీదికెక్కి కూర్చుంటుంది. ఇంకో సంగతి. ఎంత మంచి రబ్బరు వేసినా తలుపు అద్దం పక్క నుంచి కొన్ని చుక్కలు తలుపు లోపలికి దిగుతూనే ఉంటాయి. అవి బయటికి పోవడానికి తలుపు అడుగున చిన్న చిన్న కన్నాలుంటాయి. కారున్నవాళ్లలో చాలామందికి ఆ కన్నాలున్నట్టే తెలీదు.

నాకు తెలుసు.

మా అక్క గుడివాడలో ఒక డాక్టరు గారి ఆసుపత్రిలో పనిచేసేది. డాక్టరు గారు అంటున్నాను చూశారా. నోటికి అలవాటైపోయింది, మనసులో అనుకునే మాట వేరే ఉంది. అక్కకి అప్పుడు ఇరవై రెండేళ్లు. నర్సు ట్రైనింగుకి పంపిస్తానని ఆయన మాటిచ్చాడు. ఒకరోజు ఆయన చేతి గడియారం కనపడలేదు. చేతులు కడుక్కునే చోట పెట్టాడట. ఆ గదిలోకి చివరగా వెళ్లింది అక్క. పేషెంట్లందరూ కూర్చున్న హాల్లో నిలబెట్టి, సంచి కింద బోర్లించమన్నాడు. అక్క బోర్లించింది. టిఫిను డబ్బా, దువ్వెన, జాకెట్టు గుడ్డ ముక్క, ఆడపిల్ల నలుగురిలో చూపించుకోలేని ఇంకో గుడ్డ. గడియారం లేదు. అయినా రేపట్నుంచి రావద్దన్నాడు.

నాలుగు రోజులకి గడియారం ఆయన ఇంట్లోనే దొరికింది. కాంపౌండరు చెప్పాడు మాకు. ఆయన మాత్రం కబురు పంపలేదు. ఒక్క మాట. పొరపాటైందమ్మా అని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయేది? అక్క బందరు వచ్చేసి కుట్టుమిషను ముందు కూర్చుంది. అప్పట్నుంచి గుడివాడ మీదుగా వెళ్లే బస్సు కూడా ఎక్కలేదు.

ఏడేళ్లు గడిచాక ఆయన కారు నా షెడ్డుకొచ్చింది.

పాత మోడలు, మీగడ రంగు. అద్దాల పని నేను బాగా చేస్తానని ఎవరో చెప్తే గుడివాడ నుంచి డ్రైవరుతో పంపించాడు. డ్రైవరు పేరు ఏసుపాదం. యాభై దాటిన మనిషి. దిగీ దిగగానే, "మేస్త్రీ, ఇది మా డాక్టరు గారి నాన్నగారి బండి. ఆయనకి ప్రాణం. జాగ్రత్తగా చూడు" అన్నాడు. ఏ డాక్టరు అని అడిగాను. చెప్పాడు. నేను తలూపి రెంచీల డబ్బా తెరిచాను. ఏమీ పడలేదు నా చేతుల్లోంచి. చాలా నెమ్మదిగా ఉన్నాను. ఆ నెమ్మదే ఇప్పుడు తల్చుకుంటే భయం వేస్తుంది.

ఏసుపాదం భోజనానికి వెళ్లినప్పుడు చేశాను. వెనకద్దానికి ఇంకా తొడగని కొత్త రబ్బరు కింది మూలన, రేకు మీద కూర్చునే అంచుని జానెడు మేర బ్లేడుతో కోశాను. బయటికి కనపడదు. తర్వాత నాలుగు తలుపుల అడుగున ఉన్న కన్నాలన్నీ గమ్ము కూరి మూశాను. పైన నల్లరంగు పూశాను. ఎంత శ్రద్ధగా పూశాననుకున్నారు? అంత శుభ్రంగా ఏ పనీ చేసి ఉండను.

ఏసుపాదం భోంచేసి వస్తూ వేయించిన వేరుశనక్కాయలు పొట్లం కట్టించుకొచ్చి సగం నాకు పెట్టాడు. నేను కారులో కూర్చుని తాడు లాగుతుంటే బయట నుంచి అద్దం నొక్కింది ఆయనే. రబ్బరు చుట్టూ ఎక్కి కూర్చోగానే, "భలే పట్టింది మేస్త్రీ" అని నవ్వాడు. బాబాయ్ అని పిలిచాను ఆయన్ని. పిలిచి పంపించాను.

ఆ ఏడు వానలు నాకు పండగ. బందర్లో మబ్బు పడితే నేను గుడివాడ వైపు చూసేవాణ్ణి. అక్కడ పడుతోందా, ఎంత పడుతోంది, ఆ కారు బయటే ఉందా అని. ముసురు పట్టి నాలుగు రోజులు వదలకపోతే షెడ్డులో పని లేక అందరూ విసుక్కునేవాళ్లు, నేను మాత్రం టీ తాగుతూ, ఇప్పుడు చుక్క చుక్క తలుపుల్లోకి దిగుతుంటుంది, వెనక సీటు కిందికి పాకుతుంటుంది, పోవడానికి దారి లేక అక్కడే నిలబడుతుంది, రేకుని తింటుంది అనుకుంటూ కూర్చునేవాణ్ణి. అంత ఆనందం నాకు ఇంకెందులోనూ దొరకలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి మీకు?

ఏసుపాదం రెండుసార్లు వచ్చాడు. మ్యాటు కింద తడిగా ఉంటోంది, ముక్కవాసన వస్తోంది అన్నాడు. నేను ముందద్దం మీద నాలుగు చెంబుల నీళ్లు పోసి, చుక్క కూడా దిగట్లేదు చూడమన్నాను. వెనక పోయలేదు. ఆయన నమ్మాడు. సీట్లు ఊడదీసి ఎండలో ఆరబెట్టేవాడట, మ్యాట్ల కింద పేపర్లు పరిచి రోజూ మార్చేవాడట. నేను తడిపేదాన్ని ఆయన తుడిచేవాడు. రెండో ఏడు తలుపుల అంచున రంగు బుడగలెత్తింది. మూడో ఏడు వానలు తగ్గాక డాక్టరే స్వయంగా కారుతో వచ్చాడు, నడుపుకొచ్చింది ఏసుపాదం.

నన్ను గుర్తుపట్టలేదు. ఎప్పుడైనా చూస్తే కదా. వెనక మ్యాటు ఎత్తాడు. అడుగు రేకు గుల్లైపోయి కింద నేల కనపడుతోంది. ఒక తలుపు అంచు పట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చింది. ఆ ముక్కని రెండు చేతులతో పట్టుకుని, ఊడిన చోటే మళ్లీ ఆనించి చూశాడు. నేను ఏళ్ల తరబడి ఎదురుచూసింది దానికే. అక్కడితో ఆగిపోతే బాగుండేది.

"రబ్బర్లన్నీ కొత్తవేగా. మరి నీళ్లు ఎలా వచ్చాయి?" అని అడిగాడు.

నేను ఏమైనా అనొచ్చు. పాత బండి కదండీ, ఉప్పుగాలి అండీ, రేకు అరిగిందండీ అనొచ్చు. దేన్నైనా నమ్మేవాడు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"రబ్బర్లు బాగానే ఉన్నాయండీ. అద్దాలు దించి వానలో వదిలేస్తే ఏ రబ్బరు ఆపుతుందండీ?"

ఎందుకన్నాను? ఆయన కిందికి వంగి తలుపు అడుగు చూస్తాడేమోనని భయమేసిందా? అదే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. భయం కొంతే. ఆయనది ఏది పోయినా, ఎవరు పోయినా నాకు సంతోషమే అన్న మనసు ఇంకొంత. ఆ క్షణంలో నా కంటికి ఏసుపాదం కూడా ఆయన వస్తువుల్లో ఒకటి.

ఏసుపాదం నా వైపు తిరిగాడు. "మేస్త్రీ, నేనెప్పుడైనా అద్దాలు దించి వదిలేశానా? నువ్వు చూశావా?"

"నాకేం తెలుసు బాబాయ్. నేను బందర్లో ఉంటాను."

డాక్టరు గొంతు పెంచలేదు. "తాళాలు ఇక్కడ పెట్టు. జేబులో నావి ఏమున్నాయో అన్నీ పెట్టు" అన్నాడు. రోడ్డు మీద నలుగురు ఆగి చూస్తున్నారు. ఏసుపాదం కారు తాళాలు, గేటు తాళం, ఆసుపత్రి మందుల చీటీలు ఒక్కొక్కటే తీసి బానెట్టు మీద పెట్టాడు. తనవి కూడా తీసేశాడు, కళ్లజోడు, చిన్న దువ్వెన. అవి మళ్లీ తీసుకోవచ్చో లేదో తెలీక నిలబడ్డాడు. ఎనిమిదేళ్లు నడిపాడట ఆ బండిని.

నేను అదంతా చూశాను. హాల్లో మా అక్కని పేషెంట్లు ఎలా చూశారో అలాగే, ఒక అడుగు దూరంలో నిలబడి, నోరు మెదపకుండా.

ఏసుపాదం బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అక్కకి చెప్పాను. గెలిచినవాడిలా చెప్పాను, మొదట్నుంచి చివరిదాకా. అక్క మిషను ఆపి విన్నది.

"నువ్వెవరో ఆయనకి తెలిసిందా?"

"లేదు."

"ఎందుకు చేశావో?"

"లేదు."

"మరి ఆయనకేం తెలిసినట్టు?" అంది. మిషను మీది గుడ్డ సర్దుకుంటూ, "ఆ డ్రైవరు ఇప్పుడేం చేస్తాడు?" అంది. అక్క మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో ఇద్దరమే ఉంటాం. ఈ రోజుదాకా ఆ మాట మళ్లీ రాలేదు.

బండిని అశ్రద్ధగా చూసి పాడుచేశాడన్న పేరొచ్చాక గుడివాడలో ఏసుపాదానికి ఎవరూ కారు తాళం ఇవ్వలేదని తర్వాత విన్నాను. భార్య వాళ్లది దివిసీమలో అవనిగడ్డ దగ్గర. అక్కడికి వెళ్లిపోయారు. రెండేళ్లు ఓపిక పట్టి, ఇక పట్టలేక, చెప్పేద్దామని అవనిగడ్డ బస్సెక్కాను. సంతలో దొరికాడు. రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉంటున్నాడట. కాళ్లు మోకాళ్లదాకా బురద. నన్ను చూడగానే, "బాగున్నావా మేస్త్రీ" అని చేయి పట్టుకున్నాడు. టీ ఇప్పించాడు. నేను నోరు తెరిచేలోపు ఆయనే అడిగాడు.

"బండి ఎలా ఉంది?"

"పాత ఇనుముకి ఇచ్చేశారంట బాబాయ్."

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. "పాపం, మంచి బండి" అన్నాడు. తర్వాత, "నేనే ఎక్కడో చూసుకోలేదేమో మేస్త్రీ. తలుపు సరిగ్గా వెయ్యకుండా ఎప్పుడైనా వదిలేశానేమో. పెద్దతనం కదా" అన్నాడు.

నేను వెయ్యని నింద కూడా ఆయనే తన మీద వేసుకున్నాడు. అప్పుడైనా చెప్పాలి కదా? చెప్పలేదు. బస్సొచ్చింది, ఎక్కాను.

డాక్టరు విషయంలో నాకు ఈ రోజుకీ జాలి లేదు. ఆయన ఇంకో కారు పంపినా అదే చేసేవాణ్ణేమో. కోపం పోయిందని చెప్తే మీకు నేను మంచివాడిలా కనపడతాను, కానీ పోలేదు. ఆ కోపాన్ని పట్టుకుని ఎవర్ని కొట్టానన్నదే నన్ను నిద్రపోనివ్వని సంగతి. అవనిగడ్డకి బస్సులు రోజూ ఉన్నాయి. నేను వెళ్లడం లేదు. వెళ్తానని మీకు మాట కూడా ఇవ్వను.

క్షమించమని అడగడానికి మీరు ఏసుపాదం కాదు. ఒక్కటి మాత్రం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలనిపించింది. ఏసుపాదం ఏ రోజూ అద్దాలు దించి వదల్లేదు. ఆ బండిని ఆయన కన్నబిడ్డలా చూసుకున్నాడు. పాడుచేసింది నేను. చెప్పేశాను. ఏమీ మారలేదు. ఊపిరి మాత్రం కొంచెం ఆడుతోంది.