రాజమ్మవ్వ చదివించిన రవికె గుడ్డ

మా చిన్నప్పుడు వీధినాటకం మధ్యలో ఇరవైసార్లయినా ఆగేది... ద్రౌపది ఏడుస్తూ ఉంటుంది, దుశ్శాసనుడు కొంగు పట్టుకొని ఉంటాడు, అంతలో జనంలోంచి ఎవరో లేచి అయిదు రూపాయలో, కొత్త తువ్వాలో తెచ్చి ఇస్తారు. మద్దెల ఆగుతుంది. హాస్యగాడు ముందుకొచ్చి, ఇచ్చినవాళ్ళ పేరు, వాళ్ళ నాయన పేరు, ఊరి పేరు రాగం తీసి చదువుతాడు. అంతసేపూ దుశ్శాసనుడు కొంగు వదలకుండా మర్యాదగా నిలబడి ఉంటాడు.

వాటినే చదివింపులు అంటారు. ఆ హాస్యగాడు మా నాయన.

మాది చిత్తూరుకు దగ్గర్లో చిన్న ఊరు. తొంభైల్లో ఒక ఎండాకాలం, జావా దేశం నుంచి సులస్త్రి అనే నర్తకి మా ఊరికి వచ్చింది. రెండు దేశాల కళాకారులు కలిసి ఒక ఆట తయారుచేస్తే ఖర్చు భరించే సంస్థ ఒకటుందట... ఆ సంస్థే ఆమెను మా మునస్వామి తాత దగ్గరికి పంపింది. తాత నాటకం జట్టుకు గురువు. అప్పటికే డెబ్బై దాటాయి. కిరాతుడి వేషం కట్టాడంటే మాత్రం ముప్పై.

నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. జావా ఎక్కడుందో అంగట్లో పొట్లం కట్టిన పాత మ్యాపు కాగితంలో చూసి తెలుసుకున్నాను. వాళ్ళకూ భారతం ఉంది. మా ఊళ్ళో మగవాళ్ళు ద్రౌపది వేషం కట్టేవారు, వాళ్ళ దేశంలో ఆడవాళ్ళు అర్జునుడి వేషం కడతారట. లెక్క సరిపోయింది. వాళ్ళ భారతంలో ద్రౌపదికి ధర్మరాజు ఒక్కడే మొగుడని తెలిసి మా అమ్మ, “ఆయమ్మకు అయిదుమందికి సంగటి కెలికే పని తప్పింది” అని సంతోషించింది.

సంగటి అంటే గుర్తొచ్చింది... సులస్త్రి మా పక్కింటి రాజమ్మవ్వ దగ్గర దిగింది. మొదటిరోజే సంగటిలోకి నూరిన వేరుశనగ పచ్చడి, మా ఊరిబిండి, నాలుక మీద పెట్టుకొని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కారం అనుకున్నాం. కాదట... వాళ్ళ అమ్మ కూడా చెనిగ్గింజలు అట్లాగే నూరుతుందట. ఈ సంగతులన్నీ మా హెడ్మాస్టరు ఇంగ్లీషు మీదుగా మాకు చేరేవి. ఆట మాత్రం ఆయనతో పనిలేకుండానే కుదిరింది. అర్జునుడి తపస్సు, కిరాతుడితో యుద్ధం. సులస్త్రి అర్జునుడు, తాత కిరాతుడు.

ఆఖర్న సంస్థ నుంచి ఒక సారు వచ్చి ఆట మొత్తం చూడాలి. బాగుందని ఆయన రాస్తే, మరుసటి ఏడు తాత జట్టు జావాకు పోయి ఆడవచ్చు. మద్రాసు దాటని తాత అప్పుడే ఒక రెక్జిను సంచి కొనుక్కున్నాడు. రోజూ పొద్దున్నే దాని మీద దుమ్ము తుడిచేవాడు... అదింకా ఎక్కడికీ పోకముందే.

సారుకు సాయంత్రం రేణిగుంటలో రైలు. అయిదుకల్లా జీపు కదలాలి. అందుకని తెల్లవార్లూ ఆడే ఆటను రెండు గంటలకు కుదించి, మూడింటికి బడి ముందర పందిట్లో మొదలుపెట్టారు. పట్టపగలు కిరాతుణ్ణి చూసి కుక్కలు మొరిగాయి.

ముందురోజు నాయన ఇల్లిల్లూ తిరిగాడు. “ఈ ఒక్క దినం సదివింపులు వొద్దబ్బా. సారు ఆట మొత్తం సూసి పోవాల” అని బతిమాలాడు. అందరూ తలూపారు.

ఆట మొదలైంది... సులస్త్రి చెయ్యి ఎత్తి దించేలోపు మావాళ్ళయితే ఒక యుద్ధం ముగిస్తారు. అంత నిదానం. ఆ నిదానం చుట్టూ తాత గజ్జెలు ఘల్లుమంటుంటే, సారు రాసుకోవడం మానేసి చూస్తున్నాడు. ఇద్దరూ విల్లులెత్తారు.

అప్పుడు లేచింది రాజమ్మవ్వ. చేతిలో పళ్ళెం, అందులో రవికె గుడ్డ, ఆకూ వక్క, రెండు అరటిపండ్లు.

నాయన అడ్డం పోయి, ఆట అయ్యాక ఇద్దువులే అవ్వా అన్నాడు.

“అయినాక ఇస్తే అది మూట కట్టిచ్చినట్టురా. నలుగుర్లో పేరు సదివి ఇయ్యాల. నలభై దినాలు నా ఇంట్లో తిన్న బిడ్డని ఉత్తచేతుల్తో పంపిస్తామా?”

నాయన తాతను చూశాడు. విల్లెత్తిన చెయ్యి దించకుండా తాత ఒకసారి జీపును చూశాడు, ఒకసారి పళ్ళేన్ని చూశాడు.

“సదువప్పా” అన్నాడు.

ఒకరి పేరు చదివాక మిగతావాళ్ళను ఆపడం ఎవరి తరం? వద్దంటే సరేనని తలూపిన వాళ్ళందరి కొంగుల్లోనూ, పంచెల మడతల్లోనూ ఏదో ఒకటి ఉండనే ఉంది! గాజులు, మామిడికాయ ఊరగాయ, బెల్లం అచ్చు... పేర్లు, నాయనల పేర్లు. సారు గడియారం చూసుకొని లేచాడు. నాయన ఆయన్నూ వదల్లేదు. “రెండు దేశాలను కలిపి, ఈ బిడ్డను మా ఊరికి సదివించిన సారుగారు... వాళ్ళ సంస్థ సల్లగుండాల!” సారు దణ్ణం పెట్టి జీపెక్కాడు. ఎక్కడం ఆయనకూ ఇష్టం లేదు, ముఖం చూస్తే తెలిసింది.

ఆ దుమ్ము అణగక ముందే సులస్త్రి నడుముకు చుట్టుకున్న పూల గుడ్డ విప్పి తాత చేతిలో పెట్టింది. తర్వాత నాయన దగ్గరికొచ్చి వాళ్ళ నాయన పేరు చెప్పింది. నాయన మూడుసార్లు నోట్లో తిప్పుకొని, తప్పు లేకుండా చదివాడు. యుద్ధం ఆ తర్వాత జరిగింది. అంత గొప్ప యుద్ధం మళ్ళీ చూడలేదు...

రెండు నెలలకు సంస్థ నుంచి జాబు వచ్చింది. సారు నిజాయితీపరుడు. చూసినంత వరకు అద్భుతమనీ, సగమే చూశాననీ రాశాడట. ఆ ప్రయాణం వేరే జట్టుకు పోయింది. తప్పంతా తనదేనని నాయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. తాత ఆ పూల గుడ్డ తలకు చుట్టుకొని మా ఇంటికొచ్చాడు.

“మనం జావాకు పోకపోతే యేమప్పా... జావానే మనూరికొచ్చి నాయన పేరు సదివించుకొని పాయె గదా. లెయ్, అన్నం తిను.”

రెక్జిను సంచిలో గజ్జెలు పెట్టుకున్నాడు. అది పక్క ఊళ్ళన్నీ తిరిగింది.

ఇప్పుడు ఆట వెనకాల ఫ్లెక్సీ ఉంటుంది. డబ్బిచ్చినవాళ్ళ ఫోటోలన్నీ అందులోనే. ఆట ఎక్కడా ఆగదు, టైముకు ముగుస్తుంది... మంచిదే. కానీ ఎవరి నాయన పేరూ వినబడదు.

మీ ఊళ్ళో ఎప్పుడైనా మీకోసం ఆట ఆగిందా? ఆగి ఉంటే మీ పేరు, మీ నాయన పేరు, ఊరి పేరు కింద రాయండి... ఇక్కడ కూర్చొని ఒక్కొక్కటీ పైకే చదువుతాను. మా నాయన రాగం నాకు వచ్చు.