రెండు మెడలు, ఒక మూఢం

‘మా రోజుల్లో’ అనే వయసు నాకింకా రాలేదు. అయినా అంటాను. మా రోజుల్లో, అంటే చేతిలో స్మార్ట్‌ఫోనూ గోడకి పంచాంగమూ రెండూ సమానంగా చెల్లుబాటయ్యే రోజుల్లో, భవానీపురంలో మా ఇంటికి గన్నవరంలో ఉద్యోగం చేసే అబ్బాయి సంబంధం వచ్చింది. నేనప్పుడే ఒక ఆఫీసులో కొత్తగా చేరాను. ఫొటోలు ఇటూ అటూ వెళ్ళాయి, జాతకాలు కుదిరాయి. తీరా పెళ్ళిచూపులకి మంచిరోజు చూడమంటే పంతులుగారు మూఢం వచ్చిందన్నారు. అది వెళ్ళేదాకా శుభకార్యం మాట ఎత్తకూడదు. పెద్దవాళ్ళందరూ నోరు కట్టేసుకుని కూర్చున్నారు గానీ, ఫోన్లక్కూడా మూఢం వర్తిస్తుందని మాకెవరూ చెప్పలేదు. బయోడేటాలో ఉన్న నా నంబరుకి ఆ అబ్బాయి ఒక మెసేజి పెట్టాడు (అప్పటికింకా అబ్బాయే కాబట్టి ‘పెట్టాడు’ అనే అంటాను), నేను బదులిచ్చాను, ఇక మాటలు మొదలయ్యాయి.

ఇంట్లో మాట్లాడే వీల్లేదు. మా అమ్మ చెవులు అలాంటివి. అందుకని సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే డాబా మీద ఆరేసిన బట్టలు తెచ్చే పని నేనే నెత్తినేసుకున్నాను. చూసేవాళ్ళకి పని చేస్తున్నట్టు కనపడాలి కదా, చేతులు రెండూ బట్టలకే కావాలి. ఫోన్ని కుడి చెవికీ కుడి భుజానికీ మధ్య ఇరికించి, పైన చున్నీ కప్పేసేదాన్ని. కృష్ణ మీదుగా చల్లగా గాలి వస్తుండేది, అవతల ఆయనగారు నవ్వుతుండేవాడు, నాకు ఒక్క తువ్వాలు మడత పెట్టడానికి అరగంట పట్టేది. పెళ్ళి మాట రాగానే మా పిల్లకి పనంటే ఎంత శ్రద్ధ వచ్చేసిందోనని అమ్మ పక్కింటావిడతో చెప్పుకుని మురిసిపోయింది.

ఒకరోజు పొద్దున లేచేసరికి మెడ పట్టేసింది. తల కుడివైపుకి ఒరిగిపోయింది, తిప్పుదామంటే ప్రాణం పోతోంది. ఎవరైనా ఎడమ పక్క నుంచి పిలిస్తే మనిషిని మొత్తం తిరగాల్సొచ్చేది. అమ్మమ్మ ఇదంతా దిండు దోషమని తేల్చేసి, దాన్ని తీసుకెళ్ళి ఎండలో పడేసింది. (దిండుకి హాయిగానే ఉన్నట్టుంది.) ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తొక్కిస్తే ఇట్టే పోతుందని మా పిన్ని అంది. అది నడుముకి గానీ మెడకి కాదని అమ్మమ్మ అడ్డుపడబట్టి బతికిపోయాను. నాన్న మెడికల్ షాపుకెళ్ళి మెడకి కట్టే పట్టీ కొనుక్కొచ్చారు. అది చూడగానే అమ్మకి ఏడుపొచ్చేసింది. మూఢం వెళ్ళగానే పెళ్ళిచూపులు, పిల్ల ఇలా పట్టీ కట్టుకుని కూర్చుంటే ఏ జబ్బో ఏమోనని వాళ్ళు లేచి వెళ్ళిపోతారని ఆవిడ భయం. ఈ సంగతి గుమ్మం దాటకూడదని అందరి చేతా ఒట్టు వేయించుకుంది.

డాక్టరుగారు చేతుల్లో తిమ్మిర్లున్నాయా, పట్టు తప్పుతోందా అని అన్నీ అడిగి, పరీక్షగా చూసి, భయపడాల్సిందేమీ లేదు, మెడని వాడే తీరు బాగాలేక వచ్చిన నొప్పి అని చెప్పి ఫిజియోథెరపీకి పంపారు. అక్కడి మేడంని నేనిప్పటికీ గడ్డం మేడం అనే అంటాను, ఆవిడ నోటివెంట ఎక్కువగా వచ్చే మాట అదే గనక. ముందు వేడి కాపడం పెట్టారు. తర్వాత మెడ వెనక వేళ్ళు ఆనించి మెల్లగా నొక్కుతూ కదిలించారు. ఆ తర్వాత అసలు పని నాకు అప్పగించారు. తిన్నగా కూర్చుని, ఎదురుగా చూస్తూ, తల వంచకుండా గడ్డం మాత్రం వెనక్కి లాక్కోవాలి. వీపు మీది రెక్క ఎముకలు రెండూ దగ్గరికి తెచ్చి వదలాలి. అరచేయి నుదుటికి ఆనించి తలతో చేతినీ, చేత్తో తలనీ నెట్టాలి, ఎవరూ గెలవకూడదు. పట్టీ సంగతి అడిగితే, అదే పనిగా కట్టుకుంటే కండరాలు బద్ధకిస్తాయి, బీరువాలో పెట్టెయ్యండన్నారు. కదిలిస్తే ఏమవుతుందోనని అంతవరకూ ఊపిరి బిగబట్టుకుని తిరిగినదాన్ని, కదిలిస్తేనే తగ్గుతుందని వినేసరికి సగం నొప్పి అక్కడే పోయింది.

ఆ సంతోషంలో ఉండగా ఆవిడ, “ఫోను ఎలా పట్టుకుంటావమ్మా?” అని అడిగారు. పక్కనే అమ్మ కూర్చుని ఉంది. ఆఫీసు ఫోన్లు వస్తుంటాయండీ, చేతుల్లో పనుంటుంది కదా, భుజానికి ఆనించుకుని మాట్లాడతానని చెప్పాను. పిల్ల మెడ విరిచేస్తున్నారంటూ అమ్మ ఆ ఆఫీసువాళ్ళని దుమ్మెత్తి పోసింది. మేడం కాసేపు నా మొహంలోకి చూశారు.

“ఆ ఆఫీసు ఆయనకి చెప్పమ్మా, ఇకమీదట ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మాట్లాడతానని,” అన్నారు.

ఆ సాయంత్రమే ఇయర్‌ఫోన్స్ కొన్నాను. పైన చున్నీ కప్పుకుని డాబా ఎక్కాను. ఫోన్ రాలేదు. మర్నాడూ రాలేదు. పని ఎక్కువగా ఉంది, తర్వాత చేస్తానని పొడిగా ఒక మెసేజి మాత్రం వచ్చింది. తువ్వాళ్ళన్నీ క్షణాల్లో మడతపడిపోతున్నాయి. నా మెడ సంగతి ఎవరైనా చేరవేశారా, లేక మనసే మారిందా? గడ్డం వెనక్కి లాక్కుంటూ, వదులుతూ, ఇదే ఆలోచన. మెడ రోజురోజుకీ తేలికపడుతోంది, లోపల మాత్రం ఒకటే బరువు. నాకు కావలసింది సంబంధం కాదు, ఆ మనిషేనని అప్పుడు తెలిసింది.

మూఢం వెళ్ళింది, పెళ్ళిచూపుల రోజు వచ్చింది. వాళ్ళ ముందు ఆ గడ్డం లాక్కునే తిక్క వేషాలు వెయ్యకే తల్లీ అని అమ్మ మరీ మరీ చెప్పింది. కాఫీలిచ్చి, తల వంచుకుని కూర్చునేసరికి మెడ మళ్ళీ కుడివైపుకి లాగడం మొదలుపెట్టింది. ఓరకంట చూశాను. అబ్బాయి నావైపు చూడటం లేదు. తల ఓ పక్కకి వాల్చి గోడ మీది క్యాలెండరుకేసి చూస్తున్నాడు. “పొగరల్లే ఉందే,” అని పిన్ని నా చెవిలో గొణిగింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలో పక్కనున్న మా మావయ్య ఏదో అడిగితే, అతను తల తిప్పలేదు. మనిషి మొత్తం తిరిగాడు. ఆ తిరగడం నాకు బాగా తెలిసిన తిరగడమే. చూస్తూనే ఉన్నాను, అతను మెల్లగా నడుం నిటారుగా పెట్టాడు, గడ్డం వెనక్కి లాక్కున్నాడు, వదిలాడు.

ఇంక నేను ఆగలేదు. నేనూ నిటారుగా కూర్చుని గడ్డం వెనక్కి లాక్కున్నాను. అతని కళ్ళు పెద్దవయ్యాయి. అరచెయ్యి నుదుటికి ఆనించి నెట్టాను. అమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. అప్పుడు వాళ్ళమ్మగారు, “అమ్మాయిక్కూడా మెడేనాండీ?” అన్నారు. ఆ గొంతులో ఎంత ఆశో!

“అవునండీ, కుడివైపు,” అంది అమ్మ, దొరికిపోయినట్టు.

“మావాడికి ఎడమండీ. మీరెక్కడ వద్దంటారోనని దారి పొడుగునా దణ్ణాలు పెట్టుకుంటూ వచ్చాను.”

అమ్మలిద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ వియ్యపురాళ్ళలాగా కాదు, ఒకే వార్డులోంచి ఇంటికొచ్చినవాళ్ళలా దిళ్ళ గురించీ కాపడాల గురించీ మాట్లాడుకున్నారు. నాన్న హుషారు పట్టలేక బీరువాలోంచి ఆ పట్టీ కూడా తెచ్చి చూపించారు.

పిల్లలిద్దర్నీ కాసేపు మాట్లాడుకోనివ్వండని మమ్మల్ని డాబా మీదకి పంపించారు. పాపం, అదే మొదటిసారి మాట్లాడుకోవడం అనుకున్నారు వాళ్ళు.

“స్కూటర్ కడుగుతూ మాట్లాడేవాణ్ణి, ఎడమ భుజానికి ఆనించుకుని,” అన్నాడు.

“మరి చెప్పలేదేం?”

“అమ్మ ఒట్టేయించుకుంది. ఫోన్ చేస్తే ఎక్కడ నోరు జారతానోనని అదీ మానేశాను. మీరు?”

తల వెనక్కి వాల్చి మరీ నవ్వాను. నొప్పి రాలేదు.

ఇప్పుడు మా ఇద్దరి మెడలూ బ్రహ్మాండంగా ఉన్నాయి. ఫోన్లో మేం మాట్లాడుకునేది అర నిమిషమే మరి. పెరుగు తేవాలా, గ్యాసు వచ్చిందా, అంతే. నిన్న సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే మా ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేశారు. చేతులు ఖాళీ లేక, పాత అలవాటున ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించాను. పెరుగు సంగతి తేలిపోయింది. “మెడ తిన్నగా పెట్టు,” అన్నారు, అక్కణ్ణించి చూస్తున్నట్టే. చున్నీ చాటున నవ్వుకునే ఆ పిల్ల గుర్తొచ్చింది. ఫోన్ని చేత్తో పట్టుకుని, “ఇంకేంటి?” అన్నాను.

“ఇంకేముంది, నువ్వే చెప్పు,” అన్నారు.

స్పీకరు పెట్టి ఫోన్ని పిట్టగోడ మీద ఉంచాను. మడత పెట్టేసిన తువ్వాలు విప్పి, మళ్ళీ మొదట్నించీ మడత పెట్టడం మొదలుపెట్టాను.