కోరమండల్‌లో ఒక గుట్ట ఎత్తు

బెంగళూరు కృష్ణరాజపురంలో ఉదయం ఏడున్నరకు మారికుప్పం రైలెక్కాను. ముప్ఫై రూపాయల టికెట్టు, బోగీ నిండా ఖాళీ సీట్లు. ఎదురుగా తమలపాకులు సర్దుకుంటున్న ముసలామె, "మా ఊరంతా తెల్లారకముందే బెంగళూరికి పనికి పోతాదమ్మా. ఇట్లా వచ్చేది నువ్వూ నేనే" అంది.

నేను కంప్యూటర్లో నేల ఎత్తులు చూసే ఉద్యోగిని. విమానం నుంచి కొలిచిన ఎత్తులతో రెండు రకాల పటాలు చేస్తాం. ఒకదానిలో ఇంటి కప్పులు, చెట్ల తలలు కూడా ఉంటాయి. రెండోదానిలో అవన్నీ తీసేసి వట్టి నేలే ఉంచుతాం. నా పనితో ఇంట్లోవాళ్లకు ఏనాడూ అవసరం పడలేదు, మొన్న మా చిన్నమ్మ ఫోన్ చేసేదాకా.

చిన్నాయన చాలా ఏళ్ల కిందట కోరమండల్ బంగారు గనిలో, లోపలి ఒత్తిడికి రాయి పేలి చనిపోయాడు. శవాన్ని పైకి తేలేకపోయారు. ఏటా ఆ రోజున చిన్నమ్మ గని నోటి దగ్గర రాగిముద్ద పెట్టి వచ్చేది. కానీ గనిలోకి దిగినవాళ్లు లోపల సొరంగాల్లో చాలా దూరం వెళ్తారు. "ఆయప్ప సరిగ్గా యాడ నేల కింద ఉండాడో చూసి చెప్పమ్మా. ఈసారి ఆడనే పెడతాను" అంది. చిన్నాయనతో పనిచేసిన ఒకాయన దాచుకున్న గని నక్షాను వట్టి నేల పటం మీద సరిపెట్టి చుక్క పెట్టాను. చుక్క ఒక గుట్ట మీద పడింది. ఏదో మామూలు గుట్టేలే అనుకున్నాను.

తొమ్మిదింబావుకు కోరమండల్‌లో దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాను. గని కార్మికులకు వరసగా కట్టిన పాత లైన్ ఇంట్లో చిన్నమ్మ ముద్ద, దానిలోకి పప్పుకట్టుతో కాచిన ఉప్పుసారు మూటగట్టుకుని తయారుగా ఉంది. ఫోన్లో చుక్క చూసుకుంటూ అరగంట నడిచాం. అది ముళ్లకంచె అవతల, సైనైడు గుట్ట నడుమ ఉంది. గని రాయిని పొడి చేసి, సైనైడుతో బంగారం తీసుకున్నాక పారబోసిన మట్టి అది. అటు వెళ్లేవాళ్లు దూరం నుంచే చూడండి, ముట్టుకోకండి. కంప్యూటరు దాన్ని నేల అనుకుంది. ఈ జిల్లాలోనే తమకలో పుట్టి, సెలవులన్నీ ఇక్కడే గడిపిన నేనూ అలాగే అనుకున్నాను. సిగ్గేసింది.

"ఇదేనా?" అంది చిన్నమ్మ. అవునన్నాను. అబద్ధం చెప్పి వేరే చోటు చూపించి ఉండాల్సింది, అప్పటికి తోచలేదు.

ఆమె గుట్టను కిందినుంచి పైదాకా చూసింది. "ఇదంతా ఆయప్ప, ఆయప్ప జతగాళ్లు తవ్విందే కదా. ఇంగ మళ్లీ ఆయప్ప మీదనే పోసినారు."

మూట విప్పలేదు. "ఈ మట్టి తగిలింది ఏదీ నోట్లో పెట్టుకోవద్దని ఆయప్పే చెప్తా ఉండె. ఈడ ఎట్ల పెట్టేది?" అంటూ వెనక్కి తిరిగింది. నాకు ఏడుపొచ్చింది.

మూడు గంటల రైలుకు నన్ను ఎక్కించడానికి స్టేషనుకు వచ్చింది. వచ్చే ఏడు మళ్లీ గని నోటి దగ్గరే పెడదామన్నాను. "ఆడ లేడని తెలిసినాక ఎట్ల పెట్టేదమ్మా?" అంది. రైలు బంగారుపేట దాటింది. చదువుకున్నదాన్ని, మేలు చేద్దామని వెళ్లాను. చిన్నమ్మకు మిగిలిన ఒక్క చోటునూ లేకుండా చేసి వస్తున్నాను.